రాస్‌బెర్రీ పై కొందామని బయల్దేరి...

మా నాన్న హార్మోనియం ముందేసుకుని పాడిన పాటలు మూడు క్యాసెట్లున్నాయి, పోయినేడు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అవీ, అమ్మావాళ్ళ పెళ్ళి ఆల్బమ్ స్కాన్లూ, మా అందరి ఫోన్లలో నిండిపోయిన ఫొటోలూ అన్నీ ఇంట్లోనే ఒకచోట ఉండాలని ఎప్పట్నుంచో ఉంది. క్లౌడ్‌కి నెలనెలా కట్టడం పెద్ద విషయం కాదు, నాన్న గొంతున్న ఫైళ్ళు మాత్రం నా ఇంట్లో నా డిస్క్ మీద ఉండాలి, అంతే.

ఇరవైనాలుగ్గంటలూ ఆన్‌లో ఉండే చిన్న కంప్యూటర్ అనగానే అందరిలాగే నాకూ రాస్‌బెర్రీ పై గుర్తొచ్చింది, ఒకే చిన్న బోర్డు మీద ఉండే కంప్యూటర్ పేరది. ఆల్రెడీ ఒక పై 4 ఉంది, ఇంట్లో యాడ్స్ ఆపడానికి పై-హోల్ అనే సాఫ్ట్‌వేర్ వేసి వాడేవాణ్ణి. ఒకరోజు వానకి మా ఏరియాలో కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది, ఆ తర్వాత అది బూట్ కాలేదు, ఎస్‌డీ కార్డు పోయింది. లోపల జరిగేవన్నీ లాగ్ ఫైళ్ళలోకి రాస్తూనే ఉంటుంది కదా, రాస్తుండగా పవర్ పోతే ఆ కార్డులు తట్టుకోలేవు. అందులో దాచుకోవాల్సినవేం లేవు కాబట్టి సరిపోయింది గానీ, అదే కార్డులో నాన్న పాటలుంటే అన్న ఆలోచనకే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరే, ఈసారి పై 5 తీసుకుని కార్డు బదులు ఎస్ఎస్‌డీ డిస్క్ పెడదామని లెక్కేశాను. బోర్డు 8 జీబీది ఒక్కటే చూస్తే బానే ఉంటుంది, కానీ దానికి 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లిచ్చే 27 వాట్ల అడాప్టర్ కావాలి, 3 ఆంపియర్ల దాంతో నడుస్తుంది గానీ యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లే ఇస్తుంది, హార్డ్‌డిస్క్ తగిలిస్తే కష్టం. ఇంక కూలర్, కేసు, ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ పెట్టుకోడానికి హ్యాట్ అనే అదనపు బోర్డు, ఆ ఎస్ఎస్‌డీ... కార్ట్‌లో అన్నీ వేసి చూస్తే పద్నాలుగున్నర వేలు దాటింది.

అదే వారం బెంగళూరు ఎస్.పీ. రోడ్డుకి కేబుల్ కోసం వెళ్తే ఒక షాపు ముందు ఆఫీసుల్లో వాడి అమ్మేసిన చిన్న చిన్న డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో కంప్యూటర్లు పుస్తకాల్లాగా పేర్చి ఉన్నాయి. షాపతను హిందూపురం మనిషి, నేను ఫోన్లో తెలుగులో మాట్లాడ్డం విని "ఏం గావాలన్నా, ఆన్ చేసి సూసుకున్నాకే డబ్బులియ్యి" అన్నాడు. 7060 మైక్రో, ఐ5-8500టీ ప్రాసెసర్, ఆరు కోర్లు, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, అడాప్టర్‌తో సహా పన్నెండున్నర వేలకి తీసేసుకున్నాను. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా, నేను ఎలాగూ లైనక్సే వేస్తాను, విండోసే కావాలనుకునేవాళ్ళు మాత్రం 8వ జనరేషన్ ఇంటెల్ ప్రాసెసర్ కంటే పాతది తక్కువకి వస్తోందని తీసుకోకండి, విండోస్ 11 నడిచే ఇంటెల్ ప్రాసెసర్ల లిస్టులో చాలావరకు అక్కణ్ణుంచే మొదలు.

షాపులోనే నిలబడి చూసుకోవాల్సినవి చెప్తాను, ఇది నిజంగా ముఖ్యం. బయాస్‌లోకి, అంటే ఆన్ అవ్వగానే వచ్చే సెట్టింగుల్లోకి వెళ్ళి పాస్‌వర్డ్ లాక్ లేదని చూడండి, ఆఫీసుల నుంచి వచ్చినవాటికి ఒక్కోసారి ఉంటుంది. అడాప్టర్ డెల్‌దేనా చూడండి, వేరేది పెడితే గుర్తుపట్టలేదని మెసేజ్ ఇచ్చి ప్రాసెసర్ స్పీడు తగ్గించేస్తుంది. ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో స్మార్ట్ (S.M.A.R.T.) రీడింగులో, అంటే డిస్క్ తన గురించి తాను రాసుకునే లెక్కల్లో ఉంటుంది. మూత తీస్తే ఫ్యాన్ చుట్టూ దుమ్ము అట్టగట్టి ఉంటే బేరానికి పనికొస్తుంది, ఇంటికొచ్చాక ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చే థర్మల్ పేస్టు ఎలాగూ మార్చాలి, బోర్డు మీదుండే సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ కూడా.

కరెంటు బిల్లు సంగతి నాకూ అనుమానంగానే ఉండేది. ప్లగ్ మీటర్ పెట్టి చూశాను, పాత పై 4 నాలుగు వాట్లు తీసేది, ఇది ఖాళీగా ఉన్నప్పుడు పదకొండు. తేడా 7 వాట్లు, ఏడాదికి 61 యూనిట్లు, యూనిట్ 7 రూపాయలేసుకున్నా 430 లోపే. దానికి బదులు ఫొటోలు దాచే ఇమ్మిచ్ సాఫ్ట్‌వేర్‌లో ఫొటోలన్నిట్లో మొహాలు గుర్తుపట్టే పని ఒక్క రాత్రిలో అయిపోయింది, ఇంట్లో వీడియోలు చూసుకునే జెల్లీఫిన్‌లో వీడియోని ఒక ఫార్మాట్ నుంచి ఇంకోదానికి మార్చే పని లోపలున్న ఇంటెల్ గ్రాఫిక్సే చూసుకుంటోంది, పై 5లో అయితే వీడియో ఎన్‌కోడ్ చేసే హార్డ్‌వేరే లేదు, అంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. బయాస్‌లో ఏసీ రికవరీ అని ఉంటుంది, అది పవర్ ఆన్‌కి మార్చాను, ఇప్పుడు కరెంటు పోయి వచ్చినా దానంతటదే లేస్తోంది.

అలాగని పైని తక్కువ చెయ్యను. కొత్త కార్డు వేసి దాన్ని మిద్దె మీద ట్యాంకు దగ్గరికి పంపాను, సెన్సార్లు తగిలించుకోడానికి దానికున్న ఆ నలభై పిన్నులు డెల్‌కి ఎక్కడివి? అల్ట్రాసోనిక్ సెన్సార్ నీళ్ళ మట్టం కొలుస్తోంది. దాని ఎకో పిన్ను 5 వోల్టులిస్తుంది, పై తట్టుకునేది 3.3 వరకే, అందుకే మధ్యలో ఒక కిలో ఓం, రెండు కిలో ఓంల రెసిస్టర్లు పెట్టి తగ్గించాను, ఇది మర్చిపోతే బోర్డు పోతుంది. ఎండాకాలం ట్యాంకర్ ఎప్పుడు చెప్పాలో ముందే తెలుస్తుంది.

మిగిలింది ఒకటే. డెల్ కూడా ఒకరోజు పోవచ్చు, కాబట్టి అన్నిటికీ రెండో కాపీ ఒక హార్డ్‌డిస్క్‌లో వేశాను. నాన్న పాటలు అన్నీ కలిపి 4 జీబీ కూడా లేవు. దసరాకి అక్క వస్తుంది, వెళ్ళేటప్పుడు ఆ డిస్క్ నంద్యాల తీసుకెళ్ళి బీరువాలో పెడతానంది.