రైల్లోంచి విసిరిన కార్డు

ఆదివారం ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు చూడటం నాకు పాతికేళ్ల అలవాటు. కొనేది తక్కువ, నిలబడి చదివేది ఎక్కువ. ఏ పుస్తకమైనా చివరి పేజీలే ముందు తిప్పుతాను (దీనికి మా ఆవిడ తిడుతుంది). మొన్న అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లిషు పుస్తకాన్ని అలాగే తెరిస్తే చివర్లో ఒక పోస్టుకార్డులోని మాటలు అచ్చువేసి కనిపించాయి. 1943 సెప్టెంబరు 7న హాలెండ్‌లో గూడ్స్ బండిలోంచి ఒకమ్మాయి బయటికి విసిరిన కార్డు. అది రైతులకు దొరికితే వాళ్లు పోస్టు చేశారట. చేరింది కూడా.

బేరమాడకుండా కొనేశాను. నేను ముప్పై నాలుగేళ్లు ఆరెమ్మెస్‌లో (రైల్వే మెయిల్ సర్వీసు) ఉత్తరాలు సార్టింగ్ చేసినవాణ్ణి మరి.

అమ్మాయి పేరు ఎట్టీ హిల్లెసుమ్. యూదులమ్మాయి. లా చదివి, రష్యన్ ట్యూషన్లు చెప్పుకుంటూ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉండేది. జర్మన్లు ఆ దేశాన్ని ఆక్రమించిన మరుసటి ఏడాది, 1941 మార్చిలో డైరీ మొదలుపెట్టింది. ఆ డైరీ, ఉత్తరాలే ఈ పుస్తకం. అప్పటికి ఆమెకు 27 ఏళ్లు.

ఆధ్యాత్మిక గ్రంథం అనుకుని మొదలుపెట్టినందుకు సగం దాకా నాకు చిరాకే. తలనొప్పి, కడుపునొప్పి, అమ్మ మీద విసుగు, ఇద్దరు మగవాళ్ల మధ్య ఊగిసలాట. డైరీ రాయమన్నది యూలియస్ ష్పీర్ అనే ఆయన. ఆమె కంటే 27 ఏళ్లు పెద్ద, చేతిగీతలు చూసి మనసు చెబుతాడు, వైద్యంలో భాగమని పేషెంట్లతో కుస్తీ పడతాడు! ఇలాంటి బాబాలను టీవీలో చాలామందినే చూశాం. పుస్తకం పక్కన పెట్టేసేవాణ్ణే గానీ, ఆమె తన గురించి ఒక్కటీ దాచుకోదు. అదే నన్ను పట్టి ఉంచింది.

తర్వాత కొబ్బరిపీచు పట్టా వచ్చింది. భక్తి పెద్దగా లేని ఇంట్లో పెరిగిన పిల్ల. మోకరిల్లడం రాదు, సిగ్గు. అలాంటిది ఒకరోజు బాత్రూమ్‌లో, సామాన్లు చిందరవందరగా పడి ఉన్నచోట, కొబ్బరిపీచు పట్టా మీద మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. ప్రేమ వ్యవహారాలన్నీ నదురూ బెదురూ లేకుండా రాసినావిడ, ఈ ఒక్క సంగతి రాయడానికి మాత్రం తడబడింది. నాకది అర్థమైంది. మా ఇంట్లోనూ అందరి ముందు గంట కొట్టి హారతి ఇస్తాను గానీ, ఒక్కణ్ణే ఉన్నప్పుడు దేవుడితో నాలుగు మాటలు మాట్లాడమంటే గొంతు పెగలదు.

బయట రోజురోజుకీ బిగుస్తోంది. 1942 కల్లా యూదులు చొక్కా మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలి, ట్రామ్ ఎక్కకూడదు, అడవుల్లోకి షికారు వెళ్లకూడదు. ఆ జులై 12న రాసుకున్న ప్రార్థనలో ఆమె ఏమీ అడగదు. నువ్వు మాకు సాయం చేయలేవని తెలిసిపోయింది, మేమే నీకు సాయం చేయాలి, మాలో ఉన్న నీ చోటుని మేమే కాపాడాలి అంటుంది. ఇంటి వెనక మల్లెతీగ వానకీ గాలికీ పాడైపోయి, పూలు నీళ్ల మడుగుల్లో తేలుతున్నాయట. నా లోపల మాత్రం అది పూస్తూనే ఉంది, ఆ పూలు నీకు తెస్తాను అంటుంది దేవుడితో.

ఇది చదివి నాకు ఒళ్లు జలదరించి మా ఆవిడకి తెలుగులో చెప్పాను. పద్మారావునగర్ మార్కెట్లో కొన్న మల్లెపూలు అప్పుడే మాలకడుతోంది. తల కూడా ఎత్తలేదు.

"ఇందులో వింతేముందండీ? పొద్దున్నే సుప్రభాతంతో లేపేది మనం, స్నానం చేయించేది మనం, రాత్రి జోకొట్టి పడుకోబెట్టేది మనం. ఆయన మనల్ని చూసుకున్నది ఎప్పుడు?"

నాకు నోట మాట రాలేదు. కాసేపటికి తనే అడిగింది, "ఆ పిల్ల ఏమైంది?"

చెప్పాను. వెస్టర్‌బోర్క్ అనే క్యాంపుకి తనే అడిగి పనికి వెళ్లింది. హాలెండ్ యూదుల్ని, లక్షమందికి పైగా, జర్మన్లు తూర్పు దిక్కుకి, చావు క్యాంపులకి పంపించింది అక్కణ్ణుంచే. ప్రతి మంగళవారం బండి. ముందు రోజు రాత్రి నిద్రలోంచి లేపిన పసిపిల్లల ఏడుపు గురించి ఆమె రాసిన ఉత్తరం నేను రెండోసారి చదవలేదు. స్నేహితులు దాచిపెడతామన్నారు, రానంది. అందరికీ వచ్చేది నాకూ రానీ అంది. ఇక్కడ నాకామె మీద కోపం. నా కూతురే అలా అని ఉంటే చెంప పగలగొట్టి అటక మీద దాచేవాణ్ణి.

చివరికి ఆమె కూడా ఒక మంగళవారమే ఎక్కింది. అమ్మా నాన్నా, పియానో వాయించే తమ్ముడు మీషా, కొన్ని పెట్టెలు అవతల. కిక్కిరిసిన పెట్టెలో తన సంచీ మీదే కూర్చుని రాసిన కార్డులో, పాడుకుంటూ క్యాంపు వదిలామని ఉంది. నవంబరు 30న ఆష్విట్స్ అనే చావు క్యాంపులో పోయిందని రికార్డు. 29 ఏళ్లు. స్నేహితురాలికి నమ్మి అప్పగించిన డైరీలు ప్రచురణకర్తల దగ్గర తిరస్కరణకు గురై, 1981లో గానీ అచ్చు కాలేదు.

మా ఆవిడ దారం తెంపి, మాలని పళ్లెంలో పెట్టింది. ఆ సాయంత్రం దీపం దగ్గర మామూలు కంటే ఎక్కువసేపు కూర్చుంది. ఏమనుకుందో నేనడగలేదు.

నాకైతే కార్డే కళ్ల ముందుంది. దొరికిన మనిషి చింపేయకుండా డబ్బాలో వేశాడు. తర్వాత ఏదో ఊళ్లో, ఏదో రాత్రి, నాలాంటి సార్టరెవరో దాన్ని చేత్తో పట్టుకుని అడ్రసు చూసి సరైన గూట్లో పడేసి ఉంటాడు. హడావిడి రాత, చదవాలంటే ఒక్క నిమిషం ఎక్కువ పడుతుంది. పని ఒత్తిడిలో ఆ నిమిషమే దొరకదు.

ఎనభైల్లో, కాజీపేట దాటాక బండి లేటయిన ఒక రాత్రి, వానకి తడిసిన కార్డొకటి నా చేతికొచ్చింది. నల్గొండ జిల్లా అన్నది కనిపిస్తోంది, ఊరి పేరు అలికిపోయింది. లైటు కింద పెట్టి ఏటవాలుగా చూస్తే దొరికేదేమో. చూడలేదు. పక్కన పడేశాను. పంపినవాళ్ల అడ్రసు లేని కార్డుని చివరికి ఏం చేస్తారో మా వాళ్లందరికీ తెలుసు.