99 దగ్గర ఆగిన పాదరసం

మా బడిలో ప్రయోగశాల అంటే ఒక బీరువా. అందులో రెండు బీకర్లు, ఒక సారాయి దీపం, దూదిలో చుట్టి దాచిన ఒకే ఒక ఉష్ణమాపకం. మిగతా సరంజామా అంతా హన్మకొండ వీధుల్లోంచే రావాలి. 1989లో మేము తొమ్మిదో తరగతి. పదార్థ స్థితుల పాఠం మొదలైన రోజు సైన్స్ సార్ ఎవరో కాంపౌండరును అడిగి తెచ్చిన పాత గాజు సిరంజి మా చేతికిచ్చారు. మూతి వేలితో మూసి నొక్కితే గాలి సర్దుకుంది, నీళ్లు మాత్రం మొండికేశాయి. మర్నాడు హారతి కర్పూరం మీద గరాటు బోర్లించి వేడిచేశాం. గరాటు గోడలకు తెల్లటి పొడి పట్టింది. పక్క గదిలో లెక్కలు చెబుతున్న సార్ తొంగిచూసి, "ఈ రోజు ఏ పూజ?" అని అడిగారు.

అసలు కథ ఐసుగడ్డతో మొదలైంది. వరంగల్ నుంచి గోనెసంచిలో, రంపపు పొట్టు మధ్య, సైకిల్ క్యారియర్ మీద వచ్చింది. సగం దారిలోనే కారిపోయింది. మిగిలినదాన్ని పగలగొట్టి బీకరులో వేసి, కింద దీపం వెలిగించి, కలుపుతూ నిమిషానికోసారి ఉష్ణోగ్రత రాసుకోమన్నారు. సున్నా. సున్నా. మళ్లీ సున్నా. ఉష్ణమాపకం చెడిపోయిందని మేమంతా తేల్చేశాం. "మంట మండుతూనే ఉంది కదా, ఆ వేడంతా ఎటు పోతోంది?" అన్నారు సార్. ఒక గ్రాము మంచు కరగడానికే 80 కెలోరీలు ఖర్చవుతాయని మర్నాటిదాకా చెప్పలేదు. చివరి ముక్క కరిగాకే పాదరసం కదిలింది.

అదే నీటిని మరిగించాం. అంకెలు చదివే వంతు నాది. నీళ్లు తెర్లుతుంటే నేను చూడకుండానే 100 అని రాసేశాను, పుస్తకంలో ఉన్నది అదే కదా. నన్ను చూసి తరగతంతా అదే రాసింది. వెనక బెంచీ అమ్మాయి ఒక్కతే లేచి వచ్చి, వంగి చూసి, 99 అంది. మేము నవ్వాం. సార్ నవ్వలేదు. "ఇందాక మంచులో సరిగ్గా సున్నా చూపించింది ఇదే కదా? ఇప్పుడు అబద్ధమెందుకు చెబుతుంది? ఆదివారం కాజీపేట స్టేషన్‌కు వెళ్లి, ఊరి పేరున్న పసుపు బోర్డు కింది అంకె రాసుకుని రండి" అన్నారు.

నలుగురం సైకిళ్ల మీద వెళ్లాం. సముద్ర మట్టానికి ఎత్తు మూడు వందల మీటర్లకు కొంచెం తక్కువ. పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుందనీ, సుమారు మూడు వందల మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున మరుగు స్థానం దిగుతుందనీ సోమవారం తెలిసింది. రికార్డులో 100 కొట్టేసి 99 రాసుకున్నాను. దిద్దిన గుర్తు కనబడేలా కొట్టేయమన్నారు, రబ్బరు వాడనివ్వలేదు.

మూడు నెలల పరీక్షలో 'నీటి మరుగు స్థానం ఎంత?' అన్న ప్రశ్న వచ్చింది. గర్వంగా 99 అని రాశాను. అర మార్కు పోయింది. పేపరు పట్టుకుని సార్ దగ్గరికి పరుగెత్తాను.

"99 ఎక్కడయ్యా? హన్మకొండలోనా, హిమాలయాల్లోనా? రాశావా?"

"పుస్తకం కూడా ఎక్కడో రాయలేదు కదా సార్!"

కాసేపు ఆలోచించి, పుస్తకం తెరిచి, ఆ వాక్యం పక్కన 'సముద్ర మట్టం దగ్గర' అని పెన్సిలుతో రాసుకున్నారు. నా అర మార్కు మాత్రం కలపలేదు.