‘మీ సంస్థ’ ఒప్పుకోవట్లేదట! రౌటర్‌కి హార్డ్‌డిస్క్ తగిలించి ఇంట్లో అందరం వాడుకోవడం: నా అనుభవం

మొత్తానికి అయింది. హాల్లో టీవీ, రెండు ల్యాప్‌టాపులు, అందరి ఫోన్లు ఇప్పుడు ఒకే హార్డ్‌డిస్క్ లోంచి ఫొటోలు, వీడియోలు తెరుస్తున్నాయి. డిస్కు కొనడం, రౌటర్‌కి గుచ్చడం, వైరు లాగడం ఒక పూటలో తేలిపోయే పనులు. ప్రాణం తీసింది విండోస్ 11, "మీ సంస్థ ఒప్పుకోవట్లేదు" అనే మెసేజీతో. చిరాకు చల్లారకముందే రాసేస్తున్నా, మీకూ అదే మెసేజీ వస్తే పనికొస్తుంది.

ముందు సరంజామా. యూఎస్‌బీ పోర్టు ఉన్న గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) రౌటర్, 2 టీబీ పోర్టబుల్ డిస్కు, క్యాట్ 5ఈ నెట్‌వర్క్ కేబుల్. ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు పెట్టి వెళ్లిన ఫైబర్ డబ్బా వెనకాల కూడా యూఎస్‌బీ పోర్టు ఉంటుంది. దాన్ని చూసి మురిసిపోకండి. చాలా డబ్బాల్లో దాని సెట్టింగులు కంపెనీ చేతిలోనే ఉంటాయి, మనకి కనపడవు. కొన్నింటిలో ఎఫ్‌టీపీ (ఫైళ్లు ఎక్కించి దించుకునే పాత పద్ధతి) ఒక్కటే ఇస్తారు, దాంతో టీవీకి ఒరిగేదేమీ లేదు. విశాఖ ద్వారకానగర్ షాపులో కుర్రాడు "ఇదంతా ఎందుకు సార్, క్లౌడ్ తీసేసుకోండి" అన్నాడు. నెలనెలా అద్దె కట్టే ఓపిక ఉన్నవాళ్లు తీసుకోవచ్చు. ఇంట్లో పెళ్లి వీడియో ఇంట్లో టీవీలో చూడ్డానికి ఇంటర్నెట్ ఉండి తీరాలంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

డిస్కు ఫార్మాట్ (ఫైళ్లు సర్దే పద్ధతి) ఎన్టీఎఫ్‌ఎస్ పెట్టుకోండి. ఎఫ్‌ఏటీ32 లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌ని పాత రౌటర్లు గుర్తుపట్టవు. ఇంట్లో మ్యాక్ ఉన్నా ఇబ్బంది లేదు, డిస్కు మీద రాసేది రౌటరే గనక ఫార్మాట్ గొడవ మ్యాక్ దాకా పోదు. 2 టీబీ డిస్కుని విండోస్ 1.81 అని చూపిస్తే షాపువాడిని తిట్టకండి. తయారీవాళ్లు 1000 చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, అంతే తేడా.

పాత ఫైళ్లని మాత్రం నెట్‌వర్క్ మీద ఎక్కించకండి. 100 ఎంబీపీఎస్ లైను మీద సెకనుకి 11 ఎంబీ దాటదు, అంటే 1 టీబీకి పాతిక గంటలు. అదే డిస్కుని ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 3.0 పోర్టుకి నేరుగా పెడితే మూడు గంటల చిల్లరలో అయిపోతుంది. ముందు నింపేసి, ఆ తర్వాతే రౌటర్‌కి తగిలించాలి.

తగిలించాక చెవి పెట్టి వినండి. డిస్కు జుయ్‌మని తిరగడం మొదలుపెట్టి, టిక్‌మని ఆగి, మళ్లీ జుయ్‌మంటే దానికి కరెంటు చాలడం లేదని అర్థం. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ యాంపులు, 3.0 అయితే 900. డిస్కు తిరగడం మొదలెట్టే క్షణంలో అంతకంటే ఎక్కువ లాగొచ్చు. పైగా రౌటర్‌తో వచ్చిన అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 యాంపు అని ఉంటే మొత్తం 12 వాట్లే, అందులో రౌటర్ తన వాటా తినగా మిగిలిందే డిస్కుకి. మందు: సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టడం. లేదా 3.5 అంగుళాల డెస్క్‌టాప్ డిస్కు కొనడం, దానికి 12 వోల్టుల అడాప్టర్ వేరే వస్తుంది. రౌటర్ అడాప్టర్‌ని సొంత తెలివితో మార్చకండి. యాంపులు ఎక్కువైనా పర్లేదు గానీ వోల్టులు మారితే రౌటర్ మాడిపోవచ్చు.

ఇంకో తలనొప్పి, డిస్కు పెట్టగానే వైఫై నీరసించడం. యూఎస్‌బీ 3.0 చేసే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే పేపర్ రాసింది. అందుకే కొన్ని రౌటర్లు ఆ పోర్టుని మొదట్నుంచీ 2.0 వేగానికి కట్టేసి పంపుతాయి. డిస్కుని యాంటెన్నా పక్కన పెట్టకుండా, షీల్డింగ్ ఉన్న మంచి కేబుల్‌తో కాస్త ఎడంగా ఉంచి, ల్యాప్‌టాప్‌లని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చితే చాలు.

కేబుల్ వేసే కుర్రాళ్ల సంగతి చెప్పకపోతే నిద్ర పట్టదు. కేబుల్లో ఎనిమిది తీగలుంటాయి, వాళ్లు నాలుగే క్రింప్ చేసి (ప్లగ్గులో బిగించి) "నెట్ వస్తోంది కదా సార్" అని బండెక్కేస్తారు. నాలుగు తీగల మీద 100 ఎంబీపీఎస్ దాటదు. గిగాబిట్ రావాలంటే నాలుగు జతలూ కలవాలి. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ కింద లింక్ స్పీడ్ చూడండి. 100/100 అని ఉంటే తీగలు లెక్కపెట్టి (ప్లగ్గు పారదర్శకంగానే ఉంటుంది), రెండు చివర్లూ మళ్లీ క్రింప్ చేయించండి. డబ్బులు ఆ తర్వాత ఇవ్వండి.

రౌటర్‌లో డిస్కు షేరింగ్ స్విచ్ ఆన్ చేశా. విండోస్ హోమ్ ఎడిషన్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రౌటర్ అడ్రస్ \\192.168.0.1 అని కొట్టగానే ఫోల్డర్లు టపటపా వచ్చేశాయి. ప్రో ఎడిషన్ ఉన్న రెండోదాంట్లో అదే కొడితే వచ్చిన జవాబు, తెలుగులో చెప్పాలంటే: మీ సంస్థ సెక్యూరిటీ పాలసీలు గుర్తింపు లేని గెస్టులని అడ్డుకుంటున్నాయి కాబట్టి ఈ ఫోల్డర్ తెరవలేరు.

ఏం సంస్థ? ల్యాప్‌టాప్ నాది, డిస్కు నాది, ఇల్లు మా నాన్న కట్టింది.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే సంభాషణ ఇలా నడిచింది. "అది ఆఫీస్ ల్యాప్‌టాపా సార్?" "కాదండీ, సొంతది." "అయితే ఒకసారి మీ ఆఫీసు ఐటీ వాళ్లని కనుక్కోండి సార్." మళ్లీ మొదట్నుంచి చెబితే, రౌటర్ వెనక చిన్న కన్నంలో పిన్ను పెట్టి రీసెట్ కొట్టమన్నాడు. అది కొడితే వైఫై పేరు, పాస్‌వర్డ్, లాగిన్ అన్నీ చెరిగిపోయి ఇంటిల్లిపాదీ నా మీద పడతారు, పోనీ అసలు రోగం తగ్గుతుందా అంటే తగ్గదు. కొట్టలేదు. చివరి మాటగా "ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసేయండి సార్" అన్నాడు. తెలియనప్పుడు తెలియదనడానికి వీళ్ల స్క్రిప్టులో లైను ఉండదేమో. ఈలోగా హాల్లోంచి అత్తగారు: "ఏటి బాబూ, పొద్దుట్నుంచీ అదే పనిలో ఉన్నావు, ఫొటోలు రాలేదేటి? పెన్‌డ్రైవ్‌లో ఏసిచ్చేస్తే పోను కదా."

అసలు సంగతి ఇది. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి పేరు ఎస్‌ఎంబీ. రౌటర్లు చాలావరకు "పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఎవరైనా రావచ్చు" అనే సెట్టింగుతో వస్తాయి. వచ్చినవాణ్ని రౌటర్ గెస్ట్‌గా లోపలికి పంపుతుంది. విండోస్ 11లో 2024లో వచ్చిన 24హెచ్2 అప్‌డేట్ నుంచి ప్రో ఎడిషన్ గెస్ట్ లాగిన్‌ని ఒప్పుకోవడం మానేసింది. దానికి తోడు, ప్రతి ప్యాకెట్ (డేటా ముక్క) మీదా డిజిటల్ సంతకం ఉండాలని పట్టుబడుతుంది. ఆ సంతకానికి తాళంచెవి తయారయ్యేది పాస్‌వర్డ్ లోంచి. గెస్ట్‌కి పాస్‌వర్డే లేదు, ఇక సంతకం ఎక్కణ్నుంచి వస్తుంది? హోమ్ ఎడిషన్ మీద ఈ పట్టుదల లేదు, అందుకే ఒకే ఇంట్లో ఒకటి తెరుచుకుని ఒకటి మొరాయించింది. ఆఫీసుల కోసం రాసిన వాక్యాన్నే ఇళ్లలోనూ చూపిస్తోంది, ఆ "సంస్థ" వచ్చింది అందులోంచే.

యూట్యూబ్‌లో ప్రతి వీడియోలో చెప్పే వైద్యం ఒకటే, గెస్ట్‌ని మళ్లీ అనుమతించి సంతకం తీసేయడం. పని జరుగుతుంది. కానీ ఆ సెట్టింగు మీ ఇంటితో ఆగదు, రైల్వేస్టేషన్ వైఫైలో కూర్చున్నప్పుడు కూడా ల్యాప్‌టాప్ అలాగే ఉంటుంది. నేను చెయ్యను, మీరూ చెయ్యకండి.

సరైన దారి రౌటర్‌లో ఉంది. పాస్‌వర్డ్ లేని షేరింగ్ ఆపేసి, షేరింగ్‌కి ఒక యూజర్‌ని తయారుచేయాలి. పేరులో ఖాళీలు వద్దు, అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాలైతే మేలు. కొన్ని రౌటర్లు వేరే యూజర్‌ని ఇవ్వవు, అడ్మిన్ లాగిన్‌నే వాడమంటాయి. ఇప్పుడు విండోస్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇక్కడే రెండో బోల్తా. ల్యాప్‌టాప్ పిన్ కొట్టేవాళ్లు కొందరు, వైఫై పాస్‌వర్డ్ కొట్టేవాళ్లు కొందరు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ది కొట్టేవాళ్లు ఇంకొందరు. అవేవీ పనికిరావు, రౌటర్‌లో ఇప్పుడు పెట్టిందే కావాలి. పేరుకి ముందు రౌటర్ అడ్రస్, ఒక వెనక్కి గీత చేర్చి 192.168.0.1\ అని మొదలుపెట్టి రాస్తే, విండోస్ తన సొంత అకౌంట్ పేరు ఇరికించకుండా ఉంటుంది.

ఒకసారి తప్పుడు వివరాలు గుర్తుపెట్టుకున్న విండోస్ ఆ తర్వాత సరైనవి ఇచ్చినా వినదు. "ఒకే సర్వర్‌కి రెండు పేర్లతో కనెక్ట్ అవ్వకూడదు" అని 1219 నంబరు ఎర్రర్ ఇస్తుంది. స్టార్ట్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ అని వెతికి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో రౌటర్ అడ్రస్ పేరున ఉన్నది తీసేయండి. సైన్ అవుట్ అయి మళ్లీ రండి. అక్కడే కొత్తగా అడ్రస్, యూజర్, పాస్‌వర్డ్ ముందుగానే చేర్చి, ఆ తర్వాత ఫోల్డర్ తెరవండి. మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్‌తో దానికి జెడ్ అక్షరం ఇస్తే ఇంట్లోవాళ్లు అడ్రస్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఎక్స్‌ప్లోరర్ ఎడమ పక్క నెట్‌వర్క్ లిస్టులో రౌటర్ కనపడకపోయినా దిగులొద్దు, అడ్రస్ కొడితే తెరుచుకుంటే చాలు.

మీకొచ్చిన మెసేజీలో ఎస్‌ఎంబీ1 అన్న మాట ఉంటే రోగం వేరు. అది మీ రౌటర్ పాతకాలపు పద్ధతి తప్ప ఇంకోటి మాట్లాడలేకపోవడం. ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో ఎస్‌ఎంబీ2 వస్తే సరే సరి. రాకపోతే విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్లి ఎస్‌ఎంబీ1 టిక్కు పెట్టకండి. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ సందులోంచే. ఆ రౌటర్‌ని ఇంటర్నెట్‌కే ఉంచి, డిస్కుని గిగాబిట్ పోర్టున్న రాస్ప్‌బెరీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌కో, పాత ల్యాప్‌టాప్‌కో తగిలించుకోండి. ఇక రుషికొండ ఐటీ కంపెనీల్లో చేసేవాళ్లు ఆఫీసు ల్యాప్‌టాప్‌తో ప్రయత్నించొద్దు. అక్కడ ఆ "సంస్థ" నిజంగానే ఉంది, పైగా వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే దారి) ఆన్‌లో ఉంటే ఇంటి నెట్‌వర్క్ కనపడకపోవచ్చు.

ఫోన్లకీ ఆండ్రాయిడ్ టీవీకీ వీఎల్‌సీ యాప్ చాలు, అదే యూజర్, అదే పాస్‌వర్డ్. పాత స్మార్ట్ టీవీకి రౌటర్‌లో డీఎల్‌ఎన్‌ఏ మీడియా సర్వర్ (టీవీకి ఫొటోలు, వీడియోలు అందించేది) ఆన్ చేయండి. దానికి పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి బ్యాంకు కాగితాలున్న ఫోల్డర్‌ని అందులోంచి తప్పించండి. టీవీకి డిస్కు అసలు కనపడకపోతే టీవీ ఫైబర్ డబ్బా వైఫైకి, ల్యాప్‌టాప్ మీ రౌటర్ వైఫైకి తగులుకుని ఉండొచ్చు. ఒకదాని అడ్రస్ 192.168.1 తో, ఇంకోదానిది 192.168.0 తో మొదలైతే రెండూ వేర్వేరు నెట్‌వర్కులు. అన్నిటినీ సొంత రౌటర్ మీదికి తెచ్చి, డబ్బా వైఫై ఆపేయండి. గెస్ట్ వైఫైలో ఉన్న ఫోన్‌కీ డిస్కు అందదు. "ఇంటర్నెట్ నుంచి యాక్సెస్" అనే స్విచ్ ఉంటే మాత్రం ఆఫ్‌లోనే ఉంచండి.

మన ఊరి గాలి సంగతి. బీచ్‌కి దగ్గరున్న పెదవాల్తేరు, లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వైపు ఏసీ అవుట్‌డోర్లు ఎలా తుప్పు పడతాయో తెలిసిందే, యూఎస్‌బీ పిన్నుల మీదా అదే ఉప్పు కూర్చుంటుంది. డిస్కుని కిటికీ పక్కన పెట్టకండి. అప్పుడప్పుడు ప్లగ్గు తీసి చూసి, ఆకుపచ్చ మరక కనిపిస్తే కేబుల్ మార్చేయండి. రెండో కాపీ ఇంకో డిస్కులో, ఇంకో ఇంట్లో పెట్టుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో రౌటర్ రీస్టార్ట్ అయితే, రాస్తూ రాస్తూ డిస్కు ఆగిపోతుంది. ఆ తర్వాత ఫైళ్లు తెరుచుకుంటాయి గానీ కొత్తవి ఎక్కవు, ఎందుకంటే ఎన్టీఎఫ్‌ఎస్ మీద "సరిచూడాలి" అన్న గుర్తు పడి కొన్ని రౌటర్లు దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తాయి. డిస్కుని విండోస్ ల్యాప్‌టాప్‌కి నేరుగా పెట్టి, ప్రాపర్టీస్‌లో టూల్స్ కింద ఎర్రర్ చెకింగ్ నడిపి, సేఫ్‌గా ఎజెక్ట్ చేసి తిరిగి తగిలించండి. రౌటర్‌కి చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెడితే ఈ బాధ ఉండదు. కొనేముందు అది ఎన్ని యాంపులు ఇస్తుందో చూసుకోండి, రౌటర్‌తో పాటు డిస్కు తిరగడం మొదలెట్టే ఊపుని కూడా అది మొయ్యాలి.