మొహమాటానికి రఫేల్ ఎక్కిన పెద్దాయన

మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉంది కదా, పూర్తిగా ఇక్కడ రాయలేను, తెలిసినవాళ్లకు తెలుసు. దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకైతే ఇంతవరకు దొరకలేదు.

2019 మార్చి 20న ఫ్రాన్స్‌లోని సాన్ దిజియే వైమానిక స్థావరంలో జరిగిందిది. రక్షణ రంగ కంపెనీలో పనిచేసే 64 ఏళ్ల పెద్దాయనకు తోటి ఉద్యోగులు సర్‌ప్రైజ్ గిఫ్ట్ ఇచ్చారు. వాచీయో శాలువానో కాదు, రఫేల్ యుద్ధవిమానంలో వెనక సీటు! స్థావరానికి తీసుకెళ్లేదాకా ఆయనకు చెప్పనేలేదు. పైఅధికారుల నుంచి అనుమతి తెచ్చారు, డాక్టరుతో పరీక్ష చేయించారు, సూటు తొడిగించారు. ఎక్కే మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. ఇలాంటి విమానం ఎక్కాలని ఆయన ఎప్పుడూ అనలేదని తర్వాత దర్యాప్తు నివేదికలోనే రాశారు.

మరి వద్దనొచ్చు కదా అంటారా? నలుగురు ఆఫీసువాళ్లు చప్పట్లు కొడుతూ నిలబడితే వద్దనడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎగ్జిబిషన్‌లో మా బావ జెయింట్ వీల్ టికెట్ కొనేసి "ఏంటి బామ్మర్దీ, భయమా?" అన్నాడు, అంతే, నోరు మూసుకుని ఎక్కేశాను. దిగేసరికి కడ్డీ అచ్చు అరచేతిలో పడింది.

ఆ పెద్దాయన చేతికున్న స్మార్ట్‌వాచీ ప్రకారం విమానం ఎక్కేముందే గుండె నిమిషానికి 136 నుంచి 142 సార్లు కొట్టుకుంటోంది. ఆ టెన్షన్‌లో బెల్టులు ఎవరు సరిచూస్తారు? పట్టీలు వదులుగానే ఉన్నాయి, హెల్మెట్ గడ్డం కింద బిగించలేదు. నెగెటివ్ జీ, అంటే ఒంటిని సీట్లోంచి పైకి లాగే బలం, తగలకూడదని డాక్టరు పెట్టిన షరతు పైలట్ దాకా చేరనేలేదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే.

టేకాఫ్ అయ్యాక రఫేల్ దాదాపు 47 డిగ్రీల వాలులో పైకి లేచింది. ఒంటి బరువు మూడు రెట్లకు పైగా పెరిగి సీటుకు అదిమేసినట్టుంటుంది. అక్కడినుంచి పైలట్ ముక్కు దించి సమంగా పోనిచ్చాడు, అప్పుడు మైనస్ 0.6 జీ (ఒక జీ అంటే మన ఒంటి బరువంత బలం). బస్సు వంతెన మీది ఎత్తు దిగేటప్పుడు కడుపులో ఏదో జారినట్టు ఉంటుంది చూశారా, దాన్ని ఇంకా పెంచి ఊహించుకోండి. డెబ్బై కిలోల మనిషైతే నలభై కిలోలకు పైగా బలం సీట్లోంచి పైకి లాగుతుందన్నమాట, ఇక్కడేమో పట్టీలు వదులు. అలాంటప్పుడు చేతులు ఏది దొరికితే అది పట్టుకుంటాయి. నాకు కడ్డీ దొరికింది, ఆయనకు కాళ్ల మధ్య ఉండే ఎజెక్షన్ హ్యాండిల్ దొరికింది, లాగితే సీటుతో సహా మనిషిని విమానంలోంచి బయటికి విసిరేసేది.

దాదాపు 2,500 అడుగుల ఎత్తులో పెద్దాయన బయటికి ఎగిరిపోయారు. హెల్మెట్ ఊడిపోయింది. పారాచూట్ తెరుచుకుంది కాబట్టి స్వల్ప గాయాలతో నేలమీదికి చేరారు.

అసలు విచిత్రం ముందు సీటుది. వెనకవాళ్లు హ్యాండిల్ లాగితే పైలట్ సీటు కూడా ఎగిరిపోవాలి, అలా అమర్చి ఉంది. ఏదో లోపం వల్ల అది కదల్లేదు. పైకప్పు అద్దం ఎగిరిపోయి, మొహం మీద చిన్న గాయాలతో, ఎప్పుడు పేలుతుందో తెలియని సీటు మీద కూర్చునే ఆ పైలట్ విమానాన్ని తిప్పుకొచ్చి దించాడు. యంత్రం సరిగ్గా పనిచేసి ఉంటే రఫేల్ పోయేది.

ఇలా సివిలియన్లు ఎక్కడం కొత్తేం కాదు. దీనికి నెల ముందే మన పి.వి. సింధు బెంగళూరు ఏరో ఇండియాలో తేజస్ ఎక్కి నవ్వుతూ దిగింది. కలాం గారు 2006లో 74 ఏళ్ల వయసులో పుణెలో సుఖోయ్ ఎక్కారు. వాళ్లు ఇష్టపడి ఎక్కారు.

ఈ కథంతా మా బావకు ఫోన్‌లో చెప్పాను. మొత్తం విని, "ఇంతకీ వెనక సీటుకు టికెట్ ఎంతట?" అన్నాడు.