791 రోజుల లెక్క

పూర్వ విద్యార్థుల సంఘం వారు సంచికకు నాలుగు మాటలు రాయమని అడిగిన నాటి నుంచి, మన బడిలో గడిపిన ఐదేళ్లలో నా మనసు ఒక్క పీరియడు దగ్గరే ఆగిపోతున్నది. అది లెక్కల మాస్టారి పీరియడు, ఫిబ్రవరి 14 నాటిది. వేపచెట్టు పక్క గదిలో కూర్చున్నవాళ్లకు 790 అంటే చాలు.

ఆ రోజు దామోదరం సంజీవయ్యగారి జయంతి. కర్నూలును ఆనుకుని ఉన్న పెద్దపాడులో 1921లో పేద దళిత కుటుంబంలో పుట్టి, పసితనంలోనే తండ్రిని పోగొట్టుకుని, మన మున్సిపల్ హైస్కూలులోనే చదువుకుని, అనంతపురంలో పట్టా, మద్రాసులో లా పూర్తిచేసి, రాజాజీ మంత్రివర్గంలో పనిచేసి, 38 ఏళ్లకే ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారాయన. దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయనే. ఇదంతా చెప్పి మాస్టారు బోర్డు మీద 11-1-1960, 12-3-1962 అని రెండు తేదీలు వేసి, నడుమ ఎన్ని రోజులో తేల్చమన్నారు. ముందు బెంచీ నుంచి గోడ బెంచీ దాకా అందరం 790 అన్నాం. ఆయన కోప్పడలేదు. లీపు సంవత్సరమైన 1960 కింద గీత గీసి, పక్కన ఫిబ్రవరి 29 అని రాసి, "ఆయన పనిచేసిన దినాల్లో ఒక్కటి కూడా మింగేయొద్దురా" అన్నారు.

ఆ తర్వాత గంట కొట్టినా ఆయన ఆపలేదు. 1962 ఎన్నికలయ్యాక, అప్పటిదాకా కాంగ్రెస్ అఖిల భారత అధ్యక్షులుగా ఉన్న నీలం సంజీవరెడ్డిగారు వచ్చి ముఖ్యమంత్రి అయ్యారు. సంజీవయ్యగారు వెళ్లి ఆ అధ్యక్ష పదవిలో కూర్చున్నారు. పేరుకు అది పెద్ద పీటే, దాన్ని అధిష్ఠించిన తొలి దళితుడూ ఆయనే. అయినా పనిచేస్తున్న మనిషిని పని మధ్యలో లేపేశారని చెబుతుంటే మాస్టారి గొంతు పూడుకుపోయింది. నా అభిప్రాయమూ నేటికీ అదే. తర్వాత కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు, 1971లో మళ్లీ పార్టీ అధ్యక్షులయ్యారు గానీ, రాష్ట్రాన్ని ఏలే అవకాశం ఇక రాలేదు. 1972 మే నెలలో, 51 ఏళ్లకే వెళ్లిపోయారు.

ఆ 791 రోజుల్లోనే రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను మొదలైంది. ఆ మాట మాస్టారి నోట విన్న నేను పంచాయతీరాజ్ శాఖలో చేరి, ఎంపీడీఓగా పదవీ విరమణ చేసేదాకా ఎన్ని వేల మందికి ఆ పింఛను అందేలా చూశానో లెక్క పెట్టుకోలేదు. నెలకు 75 రూపాయలిచ్చే రోజుల్లో ఒక అవ్వ పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని, వేలిముద్ర వేశాక సిరా అంటిన బొటనవేలిని కొంగుకు తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టుకునేది. ఉన్నది ఒక్కటే మంచి చీర, మరక పడితే ఎట్లా అని. ఆమె నోట్లను మూడుసార్లు ఎంచుకుని ముడి వేసుకునేదాకా నేను పక్క పేరు పిలిచేవాణ్ణి కాదు. ఈ ఉద్యోగ జీవితంలో నాకు గర్వకారణమంటూ ఉంటే అదే. మా అమ్మాయి డాక్టరు కావడం ఆ తర్వాతి మాట.

మాస్టారి ఫోటో నా దగ్గర ఒక్కటీ లేదు. పదో తరగతి వీడ్కోలు నాడు గోడ బెంచీ వాళ్లు బోర్డు ముందు ఆయనతో తీయించుకున్నది ఎవరి ఇంట్లోనైనా ఉంటే, సంచిక అచ్చుకు వెళ్లేలోగా కమిటీకి చేర్చండి.