నాన్న బిస్కెట్ ప్యాకెట్ వెనకవైపు

నాన్నకి షుగర్ వచ్చి ఆరేళ్లు. టీలో చక్కెర మానేశారు, సంక్రాంతికి అరిసె ముక్క కూడా ముట్టుకోరు. అలాంటి మనిషికి రోజూ సాయంత్రం నాలుగు ఓట్స్ బిస్కెట్లు నేనే తెచ్చిపెడుతున్నాను, ప్యాకెట్ మీద గోధుమ కంకుల బొమ్మ చూసి.

నిన్న దాన్ని వెనక్కి తిప్పాను. అక్షరాలు ఎంత చిన్నవంటే, ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేస్తే గానీ చదవలేకపోయాను. ఏ దినుసు బరువు ఎక్కువైతే దాన్ని ముందు రాయాలి. పిండి, పామాయిల్, తర్వాత చక్కెర. ఇంకా కిందికి వెళ్తే లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్. మొదటి రెండూ తీపి పాకాలే, మూడోది పిండిపదార్థం నుంచి తీసే పొడి. తీపి ఇలా వేర్వేరు పేర్లుగా విడిపోతే దేనికదే కొంచెంగానే కనిపిస్తుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ అయితే పోషకాల పట్టికలో చక్కెర కిందికే రాదు, కార్బోహైడ్రేట్లలో కలిసిపోతుంది. రక్తంలో గ్లూకోజ్‌ని మాత్రం గబగబా పెంచేస్తుంది.

100 గ్రాములకి చక్కెర 22 గ్రాములు. నాలుగు బిస్కెట్లు 40 గ్రాములు. అంటే దాదాపు 9 గ్రాములు, రెండు చెంచాల పైనే! ఆయన టీలోంచి తీసేసిన చక్కెరని ఏడాదిగా నా చేత్తోనే మళ్లీ పెడుతున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే చెప్తే నాన్న కోప్పడలేదు. "అందుకేనేమో అమ్మా, అన్నీ మానేసినా దిగట్లేదు" అన్నారంతే.

ఇవాళ టీతో గుప్పెడు వేయించిన శనగలు ఇచ్చాను. అలమరలో డబ్బాలన్నీ కిందికి దించి ఒక్కోటీ చదువుతున్నాను. టమాటా సాస్‌లో చక్కెర రెండో స్థానంలో ఉంది.