డిమ్మర్ సగానికి తిప్పితే మానిటర్ మూగబోతుంది

ఇంట్లో కరెంటు వాడకం చూపించే ఎనర్జీ మానిటర్ సాయంత్రం అయ్యేసరికి గ్రాఫ్‌లో గ్యాప్‌లు పెడుతోందా? పాడైందని వెంటనే వెనక్కి పంపేయకండి, ముందు భోజనాల గదిలో బల్బు వెలుతురు తగ్గించే డిమ్మర్ ఎంతలో ఉందో చూడండి.

ఇక్కడ అమెరికాలో మా ఇంట్లో ఉన్నది పాత రకం, వైఫై లేనిది. బ్రేకర్ ప్యానెల్‌లో మెయిన్ వైర్ల చుట్టూ కరెంటు కొలిచే రెండు క్లాంపులు, పక్కనే ఓ చిన్న పెట్టె. ఆ పెట్టె లెక్కలన్నీ ఇంటి కరెంటు తీగల మీదుగానే హాల్లో ప్లగ్‌కి పెట్టిన రిసీవర్‌కి పంపిస్తుంది. విడిగా వైరు లాగే పని లేదు, అంతవరకూ హాయే, కానీ 120 వోల్టుల మీద ఎక్కి వెళ్లే ఆ సిగ్నల్ మరీ బక్కది. ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1975లో స్కాట్లాండ్‌లో తయారైన, కరెంటు తీగల మీదుగా ఇంట్లో లైట్లూ పరికరాలూ నడిపే ఎక్స్10 కూడా వోల్టేజీ సున్నాని దాటే క్షణం చూసుకుని, తీగ మీద రొద (అంటే ఎలక్ట్రికల్ నాయిస్) తక్కువగా ఉండేది అప్పుడే కాబట్టి, 120 కిలోహెర్ట్జ్ దగ్గర కబురు పంపేది.

డిమ్మర్ లోపలుండే ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఏం చేస్తుందంటే, ప్రతి అర్ధ సైకిల్‌లో, అంటే ఇక్కడ సెకనుకు 120 సార్లు, కరెంటుని కాసేపు ఆపి ఠక్కున వదులుతుంది. సగానికి తిప్పారనుకోండి, వోల్టేజీ శిఖరాన ఉన్నప్పుడు వదులుతుంది, బల్బు మీద సున్నా నుంచి దాదాపు 170 వోల్టులకు ఒక్కటే దూకుడు. అందులోంచి పుట్టే రొద వందల కిలోహెర్ట్జ్ దాకా పాకుతుంది, మానిటర్ బక్క సిగ్నల్ అందులో మునిగిపోతుంది. ఫుల్‌లో పెడితే సున్నాకి దగ్గరలోనే వదిలేస్తుంది కాబట్టి గోల బాగా తగ్గుతుంది, అందుకే ఓసారి ఫుల్, ఓసారి సగం పెట్టి రిసీవర్ని చూస్తే దొంగ దొరికిపోతాడు. మన ఊళ్లలో ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పితే మీడియం వేవ్ రేడియోలో జుయ్‌మనేది గుర్తుందా, అదీ ఈ ట్రయాక్ పుణ్యమే. (మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్లకి ఈ జబ్బు లేదు.)

డిమ్మర్ ఆపేసినా గ్యాప్‌లు పోలేదంటే టీవీ వెనకున్న సర్జ్ ప్రొటెక్టర్ మీద అనుమానపడాలి. అది రొద చెయ్యదు, లోపలి కెపాసిటర్లు సిగ్నల్‌నే మింగేస్తాయి. రిసీవర్ని దాంట్లో ఎప్పుడూ పెట్టకండి, నేరుగా గోడ ప్లగ్‌లోనే పెట్టండి. ఇంకో తమాషా ఉంది. ఇక్కడి ఇళ్లకి 120 వోల్టుల లైన్లు రెండు వస్తాయి, పెట్టె ఒక లైన్ మీద, రిసీవర్ రెండో దాని మీద పడితే సిగ్నల్ బయట ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లి తిరిగి రావాలి. 240 వోల్టుల ఓవెన్ వేసినప్పుడు మాత్రం ఒక్కోసారి గ్రాఫ్ బాగైపోతుంది, ఎందుకంటే దాని హీటర్ రెండు లైన్లనీ కలుపుతుంది!

అందుకని ముందు రిసీవర్ని వేరే గదుల్లో పెట్టి చూడండి, అది ఫ్రీ. కుదరకపోతే లోపల రొదని అణిచే పెద్ద చోక్ (తీగ చుట్ట) ఉన్న మంచి డిమ్మర్, లేదా ఆ సర్క్యూట్‌కి ఫిల్టర్. ప్యానెల్ మూత తీసే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి, మెయిన్ బ్రేకర్ ఆపినా బయటినుంచి వచ్చే తీగల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది. కొత్తగా కొనేవాళ్లయితే వైఫైది తీసుకోండి, పాతదాన్ని సగం ధరకి ఎవరైనా అమ్ముతున్నా సరే.